ఎవరూ తెరవని మొదటి కాపీ

పోయిన వారం నిదానాన్ని వానలో వాళ్ళ అన్నయ్య గేటు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆవిడ ఎందుకొచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే, కొత్తగా మనతో చేరినవాళ్ళు బిక్కమొహం వేయాల్సిన పని ఉండదు.

నిదానం అన్నది ముద్దుపేరే గానీ అందులో ముద్దుకన్నా వెక్కిరింత ఎక్కువ. అన్నయ్య ఒక్క పూటలో ముగించిన పుస్తకాన్ని చిన్నప్పుడు ఈవిడ నెల్లాళ్ళు చదివేది. పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడి మొదటికొచ్చేది. తండ్రి పోతూ పోతూ తన చిన్న ప్రచురణ సంస్థను ఆ నిదానం చేతిలోనే పెట్టాడు. సంస్థ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందుగదిలో ఒక బల్ల, వెనకగదిలో కప్పు దాకా పుస్తకాల కట్టలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఏడాదికి నాలుగు పుస్తకాలు వస్తే అదే గొప్ప. అన్నయ్యేమో పేరుమోసిన విమర్శకుడయ్యాడు. వారపత్రికలో ఆయన శీర్షిక వచ్చే రోజున రాసేవాళ్ళంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు. వెనకాల ఆయన్ని ‘కత్తెర’ అంటారు. ఎదురుగా అనే మగాడు ఇంకా పుట్టలేదు.

ఇక నర్సు సంగతి. ఆస్పత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తుంది. రాసింది ఒకే ఒక్క నవల. అందులో ఒక తల్లి, ఆమెకో కూతురు. కూతురు జబ్బుపడుతుంది, చనిపోతుంది, ఆ తల్లి మళ్ళీ డ్యూటీలో చేరుతుంది. అది ఊహించి రాసింది కాదు. ఆవిడ కూతురు ఆవిడ వార్డులోనే, ఆవిడ చేతుల్లోనే పోయింది. మొదట తెచ్చిన రాతప్రతిలో పిల్ల పోయిన అధ్యాయం లేదు. జబ్బు ఉంది, వెంటనే ఖాళీ మంచం ఉంది. నిదానమే పట్టుబట్టింది. “ఇది రాయకపోతే మిగతాదంతా ఎందుకమ్మా?” అని బతిమాలింది, కోప్పడింది, నర్సు డ్యూటీ దిగే వేళకి ఆస్పత్రి క్యాంటీన్లో కాపు కాసింది. చివరికి ఆవిడ రాసింది. రాసిచ్చిన రోజున “ఇంక నన్నేమీ అడక్కండి మేడం” అని ఒక్క మాటన్నది, అంతే.

అలా పుట్టిన పుస్తకం మీద అన్నయ్య ఏం రాశాడో చూడండి: “పాప జబ్బుపడిన చోట అధ్యాయం ముగుస్తుంది. మళ్ళీ తెర లేచేసరికి మంచం ఖాళీ. మధ్యలో జరిగింది రాయడానికి రచయిత్రికి గుండె చాలలేదు. భయపడి పారిపోయింది. పారిపోయేవాళ్ళు నవలల జోలికి రాకూడదు.”

నర్సు ఏడవలేదు. డ్యూటీ బట్టల్లోనే ప్రచురణ ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా చెప్పింది. “అన్ని పేజీలు ఆయనకి కనబడకుండా ఎలా ఉంటాయి మేడం? చదివే ఉంటారు. చదివి, ఇది రాసినట్టే కాదనుకున్నారు. నా పిల్ల చావు ఆయన కంటికి తెల్లకాగితంలా ఉంది. ఉన్న కాపీలన్నీ తూకానికి వేసేయండి. నాకొక్కటి కూడా మిగల్చకండి.” నిదానం కాళ్ళావేళ్ళా పడినంత పనిచేసి, ఈ వారం పత్రిక వచ్చేదాకా ఆగమంది. అన్నయ్య చేత సవరణ రాయిస్తానని మాటిచ్చింది. రాకపోతే ఆవిడన్నట్టే చేస్తానని కూడా మాటిచ్చింది. అన్నయ్య శీర్షిక పత్రికకు వెళ్ళాల్సింది ఈ సాయంత్రమే.

అంత ధైర్యంగా మాటెలా ఇచ్చిందంటారా? దానికో కారణముంది. వాళ్ళ సంస్థలో తండ్రి పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉంది. బైండరు దగ్గర్నుంచి వచ్చే మొట్టమొదటి కాపీని ఎవరూ తెరవకూడదు. కాగితంలో చుట్టి తిన్నగా విమర్శకుడికి పంపాలి. ముందు చదివే కళ్ళు ఆయనవే కావాలని తండ్రి మర్యాద. పిల్లాడి మొహం మేనమామకి ముందు చూపించినట్టు, అదో మురిపెం. మిగతా కాపీలన్నీ నిదానం ఒక్కొక్కటే తిరగేసి చూస్తుంది. ఆ మొదటిది మాత్రం చూడదు. పుస్తకమంటే పదహారేసి పేజీల మడతలు కలిపి కుట్టేదే కదా! ఒక మడతను ప్రెస్సువాళ్ళు ఫారం అంటారు. కుట్టేటప్పుడు ఒక ఫారం జారిపోతే పదహారు పేజీలు గల్లంతు. ఆ పిల్ల పోయిన అధ్యాయం సరిగ్గా ఒక ఫారంలో సర్దుకుంది. అంటే అన్నయ్యకి వెళ్ళిన కాపీలో ఫారం ఎగిరిపోయిందన్నమాట! ఇది తట్టగానే నిదానానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తప్పు బైండరుది, చూసుకోని తనది. అన్నయ్య చదివినదాన్ని బట్టి రాశాడు, ఆయన తప్పేముంది? ఇంత చిన్న విషయానికి అంత పెద్ద గాయమా అని నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అదండీ సంగతి. ఇప్పుడు తలుపు తడుతోంది.

వదిన తలుపు తీసింది. తడిసిన గొడుగు అందుకుంటూ “ఇంత వానలో వచ్చావేం?” అంది. ఆ అడగడంలో రమ్మన్నట్టు లేదు.

“అన్నయ్యతో పనుంది వదినా.”

“ముందుగదిలో కూర్చో, పిలుస్తాను.”

“నేనేమైనా పరాయిదాన్నా?” అని నిదానం చెప్పులు విడిచి తిన్నగా పుస్తకాల గదిలోకి నడిచింది. కొన్నేళ్ళుగా అన్నయ్య ఆవిణ్ణి ముందుగదిలోనే కలుస్తున్నాడు. పుస్తకాల గదిలో దుమ్ముందని, బూజు దులపలేదని, ఎప్పుడూ ఏదో ఒక వంక. తీరా చూస్తే గది అద్దంలా ఉంది. నాలుగు గోడలకీ అరలు, పుస్తకాలన్నీ వరసగా, ఒక్కటి కూడా బయటికి పొడుచుకు రాకుండా. అన్నయ్య కుర్చీకి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఇంకో కుర్చీ వేసుంది. బల్లదీపం తల ఆ రెండో కుర్చీ వైపు తిరిగుంది.

“ఎవరు? నిదానమా?” అన్నాడు అన్నయ్య తలెత్తి. “కాళ్ళీడ్చే నడక చూసి పోల్చుకోవచ్చు నిన్ను. ఏమిటి, ఎవరిని కాపాడటానికి బయల్దేరావు?”

“నిన్నే” అంది నిదానం. మనిషి చిక్కిపోయాడు. గడ్డం మాత్రం నున్నగా గీసుంది. “అన్నయ్యా, నర్సు నవల గురించి రాశావు కదా. తప్పు జరిగింది. నీది కాదు, మాది.”

మొదటి కాపీ, ఫారం, బైండరు, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అన్నయ్య వింటున్నంతసేపూ బొటనవేలితో కుర్చీ చేతిని రుద్దుతూ కూర్చున్నాడు. అంతా విని గట్టిగా ఊపిరి వదిలాడు.

“అదీ సంగతి! నేనూ అనుకున్నాను. అంత నిబ్బరంగా రాసుకొచ్చిన మనిషి అక్కడికొచ్చేసరికి ఎలా చేతులెత్తేసిందా అని. నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కకే అంత కోపమొచ్చింది.” ఆయన మొహంలో నిజంగానే రిలీఫు కనిపించింది. “రాస్తాను. ఈ వారమే రాస్తాను. బైండరు చేసిన పాపాన్ని రచయిత్రి నెత్తిన రుద్దానని, క్షమించమని రాస్తాను. ఏం, కత్తెరకి క్షమాపణ చెప్పడం రాదనుకున్నారా మీరంతా?”

నిదానం కళ్ళు చెమర్చాయి. ఇంత తేలిగ్గా తేలిపోతుందని కలలో కూడా అనుకోలేదు. చిన్నప్పుడు పుస్తకాలు లాక్కుని ఏడిపించిన అన్నయ్యే గానీ, న్యాయం దగ్గర ఎప్పుడూ తేడా చేసే మనిషి కాదు.

“ఆ కాపీ ఇలా ఇవ్వు వదినా, బైండరు మొహాన కొడతాను” అంది ఉత్సాహంగా.

గుమ్మంలో నిలబడ్డ వదిన కదల్లేదు. “ఎక్కడ పెట్టానో ఏమో. తరవాత వెతికి పంపిస్తాలే.”

“వెతకడం దేనికి?” అన్నాడు అన్నయ్య. “కిటికీ పక్క గోడ, కింద నుంచి రెండో అర, ఎడమ చివర. అట్ట గరుగ్గా ఉంటుంది.”

“చెప్తున్నాను కదా, నేను చూసి...” అంటూ వదిన రెండడుగులు వేసేసరికి నిదానం వంగి పుస్తకం తీసేసింది. గరుకు అట్ట, తను ఏరి కోరి ఎంచుకున్న అట్ట. మధ్యకి తెరిచింది. పేజీలు తిప్పింది.

అధ్యాయం అక్కడే ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఫారం చెక్కుచెదరకుండా ఉంది. కుట్టు గట్టిగా ఉంది. అంకెలన్నీ వరసలో ఉన్నాయి.

“పేజీలున్నాయి” అంది.

“ఏ పేజీలు?”

“ఆ పదహారూ. ఇదిగో, అన్నీ ఉన్నాయన్నయ్యా.”

“ఉండటానికి వీల్లేదు.”

“ఇదిగో, నువ్వే చూడు” అని పుస్తకం తెరిచి ఆయన ఒళ్ళో పెట్టింది. “ఈ వాక్యం దగ్గర మొదలవుతుంది. చదువు.”

అన్నయ్య రెండు చేతులూ పేజీ మీద ఆనించాడు. పుస్తకాన్ని పట్టుకుని కిటికీ వైపు కాస్త తిప్పాడు. వానకి వెలుతురు తక్కువగా ఉన్నా, అక్షరాలు కనబడనంత చీకటేం లేదు. ఆయన చూపు పేజీ మీద లేదు. పేజీకి జానెడు పైన ఎక్కడో గాలిలో ఆగిపోయింది. నిదానం వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది.

“ఆయనకి కనబడదు నిదానం” అంది వదిన. “చెయ్యి తీసెయ్.”

నిదానం చెయ్యి తీసేసింది. తీసి ఏం చేయాలో తెలియక చీరకొంగు పట్టుకుంది.

“ఎప్పట్నుంచి?”

“కొన్నేళ్ళైంది. ముందు మధ్యలో మచ్చలా వచ్చింది. మొహాలు పోయాయి. తరవాత అక్షరాలు పోయాయి. ఇప్పుడు వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. ఇంక రాదన్నారు డాక్టర్లు.”

“నాకెందుకు చెప్పలేదు?” అని అరిచినంత పనిచేసింది నిదానం. “నేనేం చచ్చానా?”

“చెప్తే ఏం చేస్తావే?” అన్నాడు అన్నయ్య. ఒళ్ళోని పుస్తకం మూయలేదు. “కళ్ళులేని కత్తెర అని ఊరంతా నవ్వుతుంటే పక్కన కూర్చుని ఏడుస్తావా? నాకున్నది ఆ శీర్షిక ఒక్కటే. అదీ పోతే పొద్దున్నే ఎందుకు లేవాలో కూడా తెలీదు నాకు. అందుకని మీ వదిన చదువుతుంది, నేను వింటాను. నేను చెప్తాను, తను రాస్తుంది. అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. చదవడమంటే...” ఆయన ఆగాడు. మాట మధ్యలో ఏదో తగిలినట్టు ఆగిపోయాడు. మొహం మెల్లగా గుమ్మం వైపు తిరిగింది.

“నువ్వు చదవలేదా?” అన్నాడు.

వదిన చూపు ఆయన ఒళ్ళోని పుస్తకం మీదికి పోయింది.

“నిన్నే అడుగుతున్నాను. ఆ పేజీలు నువ్వు నాకు చదవలేదా?”

“లేదు.”

“ఎందుకు?”

“గొంతు పెగల్లేదు.”

“గొంతు పెగలకపోతే చెప్పాలి! మంచినీళ్ళు తాగి చదవాలి! రేపు చదువుతాననాలి!” అన్నయ్య గొంతు గది దద్దరిల్లేలా లేచింది. “ఆవిడ పారిపోయిందని రాయించానే నీ చేత! పారిపోయిందని నీ చేత్తోనే రాశావే! రాసేటప్పుడు నీ చెయ్యి వణకలేదా?”

“వణికింది. మీకు కనబడలేదు.”

నిదానం నడుమ పడబోయింది. “అన్నయ్యా, కాస్త...” అంది. వదిన చెయ్యెత్తి ఆపింది. ఇన్నేళ్ళలో వదిన అలా చెయ్యెత్తడం నిదానం ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఎవరి వెనకాలో నిలబడి, ఎవరికో మంచినీళ్ళందిస్తూ కనిపించే మనిషి. ఆ రెండో కుర్చీలోకి, తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

“చెప్తాను వినండి. అందులో ఆ తల్లి నర్సు కదా. పిల్ల నాడి తనే చూస్తుంది. అందలేదని తెలిసి కూడా ఇంకో నర్సుని పిలిచి, నా చెయ్యి నమ్మకు, నువ్వు చూడు అంటుంది. అక్కడి దాకా నేను మీకు చదివాననే అనుకున్నాను. కానీ నోట్లోంచి మాట రావట్లేదు, లోపల్లోపల చదువుతున్నాను. తరవాత పిల్ల చేతికున్న సెలైను సూది తీస్తుంది. తీసి, బతికున్న పిల్లకి పెట్టినట్టే దూది పెట్టి, ప్లాస్టరు అంటిస్తుంది. నొప్పెడుతుందేమోనని దాని మీద ఊదుతుంది.” వదిన ఆగింది. “నేనూ ఊదానండీ.”

అన్నయ్య మొహంలో రక్తం లేదు.

“మన బాబు చేతి మీద. సూది తీసేశాక. వాడు పోయాడని డాక్టరు చెప్పాకే ఊదాను. పిచ్చిదాన్నని వాళ్ళనుకున్నా సరేననుకున్నాను. ఈ సంగతి నేను లోకంలో ఎవరికీ చెప్పలేదు. ఎక్కడో ఉన్న ఒక మనిషి నా చెయ్యి చూసినట్టు రాసింది. దాన్ని నేను పైకి చదవాలా? మీకా?”

“నాకు చెబితే...”

“మీరెక్కడున్నారప్పుడు?” అని అడిగింది వదిన. అరవలేదు. రోజూ చదివి వినిపించే గొంతుతోనే అడిగింది. “ఆస్పత్రి వరండాలో, లైటు కింద బెంచీ మీద కూర్చుని పుస్తకం చదువుతున్నారు. నేను బయటికొచ్చి చెప్తే, పేజీ గుర్తుకి వేలు పెట్టుకుని తలెత్తారు. ఆ వేలు నాకింకా కళ్ళకి కడుతోంది. తరవాతి వారం ఆ పుస్తకానికి సమీక్ష కూడా రాశారు. బాగా రాశారని అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ పారిపోయిందని మీరు చెప్తుంటే నేను రాసుకుంటూ అనుకున్నాను, ఈయన ఎవరి గురించి చెప్తున్నాడో ఈయనకే తెలీదని.”

ఆ ఇంట్లో బాబు మాట ఎవరూ ఎత్తరు. బాబు పోయి వాడి వయసుకి ఎన్నో రెట్ల కాలం గడిచిపోయింది. వాడి ఫొటో గోడ మీద లేదు, వాడి బట్టలు పెట్టెలో లేవు. నిదానం వాడికి మేనత్త. వాణ్ణి ఎత్తుకుని తిప్పిన చేతులు ఇవి. అయినా ఈ గడప తొక్కినప్పుడల్లా నాలిక కరుచుకుని, వాడసలు పుట్టనే లేదన్నట్టు మాట్లాడి వెళ్ళడం అలవాటైపోయింది.

అన్నయ్య ఒళ్ళోని పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి, నిదానం ఉందనుకున్న వైపు చాచాడు. కొంచెం పక్కకి చాచాడు. నిదానం జరిగి అందుకుంది.

“నువ్వు చదువు” అన్నాడు. “నెమ్మదిగానే చదువు. నీకలవాటేగా.”

“వదిన ఉండగా వద్దన్నయ్యా.”

“చదువు” అంది వదిన. “నేను చదవలేనన్నాను గానీ వినలేనన్లేదు.”

నిదానం చదివింది. ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు ప్రూఫు దిద్దిందో లెక్కలేదు. ఏ వాక్యం ఎక్కడ విరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పైకి చదవడం మాత్రం ఇదే మొదలు. ప్లాస్టరు దగ్గరికొచ్చేసరికి ఆవిడా ఆగింది. ఆ వాక్యం మళ్ళీ మొదట్నుంచి చదివింది. చదువుతూనే ఒక సంగతి ఆవిడ గుండెల్లో దిగింది. ఈ పేజీల కోసం క్యాంటీన్లో కాపు కాసి ఒక తల్లిని పీక్కు తిన్నది తను. రాయక తప్పదని నీతులు చెప్పింది తను. వాటి వల్ల ఎవరికి ఏమవుతుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చివరి పేజీలో ఆ తల్లి, పిల్ల పాదాలు చల్లగా ఉన్నాయని మేజోళ్ళు తొడుగుతుంది. ఒకటి తొడిగాక రెండోది దొరకదు. మంచం కింద వెతుకుతుంది. వార్డులో అందరూ ఆమెతో పాటు వంగి వెతుకుతారు. అధ్యాయం అక్కడ అయిపోతుంది.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. అన్నయ్య కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. చూపులేని కళ్ళకి ఏడుపు మాత్రం ఎందుకు మిగిలిందో దేవుడికే తెలియాలి.

“ఇంతకన్నా ఎవరూ రాయలేరు” అన్నాడు చివరికి. “నేను చదివినవాటిలో, విన్నవాటిలో ఇంతటిది లేదు. ఆవిణ్ణి పట్టుకుని... ఛీ!” అని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. “కాగితం తీసుకో” అన్నాడు వదినతో. “ఈ వారం శీర్షిక ఇదే. పత్రికవాళ్ళు సాయంత్రం దాకా ఆగుతారు.”

“ఏమని రాస్తావు?” అని అడిగింది నిదానం. “ఫారం పోయిందని రాసేద్దాం. తప్పంతా నా మీద వేసేయ్, నేను మోస్తాను. నీ కళ్ళ సంగతి అవసరం లేదు. బాబు సంగతి అసలే అవసరం లేదు. ఆవిడ పుస్తకం బతికితే చాలు నాకు.”

“నోర్ముయ్. అబద్ధం మీద క్షమాపణ చెబితే అదేం క్షమాపణ? ఆవిడ మొహం చూసి నువ్వు ఆ మాట చెప్పగలవా? తన కాపీ తీసి చూపించి, మీ అన్నగారికి వెళ్ళింది ఒక్కటే పాడైందా అనడిగితే?” అన్నయ్య వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. శీర్షిక చెప్పేటప్పుడు అలాగే కూర్చుంటాడు కాబోలు. “రాసుకో. ‘ఈ పుస్తకం గురించి నేను రాసింది చెల్లదు. ఎందుకంటే ఈ పుస్తకాన్ని నేను చదవలేదు. నాకు చూపు లేదు.’ ఊఁ, రాశావా?”

కలం చప్పుడు వినిపించలేదు.

“రాశావా?”

“రాయను” అంది వదిన.

నిదానం ఉలిక్కిపడింది. “అదేమిటి వదినా? సాయంత్రం దాటితే ఆవిడ పుస్తకాలు తూకానికి పోతాయి. నేను మాటిచ్చాను. నీ గురించి ఒక్క ముక్క రాయం, ఒట్టు.”

“నా పరువు కోసం కాదమ్మా.” వదిన కలానికి మూత పెట్టి కాగితం మీద ఉంచింది. “ఈ పుస్తకం అంటే ఏ పుస్తకమండీ? నేను దాటేసింది ఈ ఒక్కదాన్లోనే అని ఎవరు చెప్పారు మీకు?”

బయట వాన ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. చూరునించి నీళ్ళు కారుతున్నాయి.

“అంటే?” అన్నాడు అన్నయ్య. ఆ గొంతు ఆయనది కాదు.

“ఎన్ని పుస్తకాల్లో పిల్లలు పోతారో తెలుసా మీకు? రాసేవాళ్ళకి కథ నడవకపోతే పిల్లాణ్ణి చంపేస్తారు. మీరు హాయిగా కళ్ళు మూసుకుని వింటారు. నేనే కదా పైకి చదవాలి! ఎదురుగా అలాంటిది వస్తోందని నాకు ముందే తెలిసిపోయేది. పేజీ బరువెక్కేది. తిప్పేసేదాన్ని. ఒక్కోసారి రెండు పేజీలు. ఒక్కోసారి కథకి కథే. అతుకు కనబడకుండా నేనే ఒక వాక్యం కలిపి చదివేదాన్ని. మీరు పట్టుకోలేదు. ఇక్కడ కథ కుంటుతోందన్నారు, ఇక్కడ డొల్లగా ఉందన్నారు, రాశారు. కుంటించింది నేనే. ఆవిడ ఒక్కదానికే రాసి చేతులు దులుపుకుంటానంటే నేను ఒప్పుకోను. రాస్తే అందరికీ రాయండి. ఈ కొన్నేళ్ళలో రాసిందంతా చెల్లదని రాయండి. అలా అయితే కలం పడతాను.”

అంటే శీర్షిక పోతుంది, పేరు పోతుంది, ఆయన మాట మీద తేలినవాళ్ళూ మునిగినవాళ్ళూ అందరూ గుమ్మం ముందు నిలబడతారు. అన్నయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నిదానం వద్దంటే నర్సు పుస్తకం పోతుంది. కానిమ్మంటే తోడబుట్టినవాడు పోతాడు.

“మొదటిదేది?” అని అడిగాడు అన్నయ్య.

“వద్దులెండి.”

“మొదటిది ఏదో చెప్పు. వరసగా రాద్దాం. ఎవరికి మొదట అన్యాయం చేశానో వాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెడదాం.”

వదిన లేచింది. పై అరలో చివరికంటా చెయ్యి పెట్టి, ఒక సన్నటి పుస్తకం తీసింది. అన్నయ్య చేతికివ్వలేదు. తెచ్చి నిదానం ఒళ్ళో పెట్టింది.

అది నిదానం పుస్తకం. జన్మలో ఆవిడ రాసిన ఒకే ఒక్క కథల పుస్తకం. సిగ్గుపడుతూ, భయపడుతూ, తన సంస్థలోనే అచ్చువేసుకుని, అందరి పుస్తకాల్లాగే దాని మొదటి కాపీని కూడా తెరవకుండా అన్నయ్యకి పంపింది. ఆయన సమీక్షలో ఒక్క వాక్యం ఆవిణ్ణి కోసేసింది. “వీధి వీధంతా తిరిగి కథలు ఏరుకొచ్చిన ఈ రచయిత్రి, సొంత ఇంటి వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.” నిదానానికి అర్థమైంది ఒకటే. చివరి కథ చదివాడు, చదివి, అది లేనట్టే నటించాడు, ఇంకెప్పుడూ వాడి జోలికి రావద్దని హెచ్చరించాడు. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది. ఆ రోజు నుంచి ఒక్క కథ కూడా రాయలేదు. ఇతరుల ప్రూఫులు దిద్దుకుంటూ బతికేసింది.

“చివరి కథ” అంది వదిన. “కథ పేరు చూసి ఆపేశాను. ఇప్పటికీ చదవలేదు. నన్ను తిట్టు నిదానం, పడతాను.”

నిదానం పుస్తకం తెరవకుండా అట్ట మీద చెయ్యి వేసింది.

“ఎవరిది? ఏ పుస్తకం? మాట్లాడరేం ఇద్దరూ?” అన్నాడు అన్నయ్య.

“నాదే” అంది నిదానం.

“నీదా? నీదాంట్లో దాటేయడానికి ఏముందే? అన్నీ వీధిలోవాళ్ళ కథలేగా! నేనే రాశాను కదా, సొంత ఇంటి వైపు...”

మాట అక్కడే తెగిపోయింది. ఆయన చెయ్యి గాలిలోకి లేచి, నిదానం భుజాన్ని వెతుక్కుంది. దొరికాక గట్టిగా పట్టుకుంది.

“నిదానం” అన్నాడు. “అందులో బాబు ఉన్నాడా?”